రెండు గడుల టేబుల్‌లో ఇరుక్కున్న కుర్రాడు

హైదరాబాద్ అశోక్‌నగర్ ఏరియాలో సివిల్స్ పరీక్ష రాసే పిల్లలకి పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ (వాళ్లు ఎంచుకునే సబ్జెక్టు) చెప్పుకుని బతికేవాణ్ణి నేను. క్లాసులు చెప్పడం కన్నా ఆన్సర్ షీట్లు దిద్దడమే ఎక్కువ. ఈ కేసు రాయాలని చాలా రోజులుగా అనుకుంటూ వాయిదా వేస్తున్నా, ఎందుకంటే ఇందులో తప్పు మొదట కుర్రాడిదనుకున్నాను, తర్వాత వాళ్ల నాన్నదనుకున్నాను, చివరికి అది తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. కుర్రాడి పేరు శీను అనుకుందాం. ఊరు, వయసు, ఇంటి వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. అతన్ని అడిగే రాస్తున్నా.

నేపథ్యం

శీనుది గనుల ప్రాంతం. తండ్రి ముప్పై ఏళ్లు కంపెనీలో చేసి రిటైరయ్యాడు, ఎర్రజెండా యూనియన్‌లో పాత మనిషి. ఇంట్లో మార్క్స్, లెనిన్ ఫోటోల కింద పెరిగాడు కాబట్టి మిగులు విలువ, వర్గపోరాటం లాంటి మాటలు అతనికి మనకు పప్పు, పచ్చడి ఎంతో అంత. డిగ్రీ దాకా తెలుగు మీడియం, తర్వాత ఎం.ఏ. పొలిటికల్ సైన్స్. సివిల్స్‌కి రెండోసారి రాయబోతూ నా దగ్గరికొచ్చాడు. రోజూ చిక్కడపల్లి లైబ్రరీ తెరిచే టైముకి లైన్లో ఉండే రకం.

చదువులో లోటు లేదు. అడిగితే తేదీలతో సహా చెప్పేవాడు. మార్కులు మాత్రం రావు.

ఏ సమస్యతో వచ్చాడు

మొదటి టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చాను: స్వేచ్ఛకూ సమానత్వానికీ మధ్య వైరుధ్యం తప్పనిసరా? పెట్టుబడిదారీ, కమ్యూనిస్టు దృక్పథాల నుంచి చర్చించండి. శీను స్కేలు పెట్టి నీలం పెన్నుతో టేబుల్ గీశాడు. ఎడమ గడిలో 'పెట్టుబడిదారీ విధానం: స్వేచ్ఛకు ప్రాధాన్యం, ప్రైవేటు ఆస్తి, పరిమిత రాజ్యం, బహుళ పార్టీ ప్రజాస్వామ్యం'. కుడి గడిలో 'కమ్యూనిజం: సమానత్వానికి ప్రాధాన్యం, ప్రభుత్వ ఆస్తి, బలమైన రాజ్యం, ఏకపార్టీ'. కింద రెండు లైన్ల ముగింపు: భారతదేశం మిశ్రమ ఆర్థిక వ్యవస్థతో ఈ రెంటినీ సమన్వయం చేసింది.

పదికి మూడున్నర వేశాను. క్లాసయ్యాక వచ్చి, 'సార్, ఇందులో తప్పేదో చూపించండి' అన్నాడు. చూపించలేకపోయాను. విడివిడిగా చూస్తే ఏ మాటా పూర్తిగా తప్పు కాదు, మొత్తంగా చూస్తే ఏదీ ఒప్పు కాదు. దిద్దేవాళ్లకి ఈ ఇబ్బంది బాగా తెలుసు.

ఆ రాత్రి అతని పాత పేపర్లన్నీ ముందేసుకుని కూచుంటే ఒక సంగతి కనిపించింది. ఏ ప్రశ్న ఇచ్చినా, హక్కులు కానీ న్యాయం కానీ రాజ్యం కానీ, 'పెట్టుబడిదారులు దీన్ని ఇష్టపడతారు, కమ్యూనిస్టులు దాన్ని ఇష్టపడతారు' అనే ధోరణిలో రాస్తున్నాడు, ఇదేదో ఒకరికి కాఫీ ఇంకొకరికి టీ అన్నట్టు. అందరికీ స్వేచ్ఛ అనే వస్తువు ఒకటే, సమానత్వం అనే వస్తువు ఒకటే, కావాల్సింది ఎవరు ఎంత తీసుకున్నారో తూచడమే అని అతని లెక్క.

ఇంకోటి కూడా ఉంది. ఎడమ గడిలో ఆస్తి హక్కుని సమర్థించిన లాక్, మార్కెట్‌ని సమర్థించిన ఆడం స్మిత్ సిద్ధాంతం రాసి, కుడి గడిలో స్టాలిన్ కాలపు రష్యా ఆచరణ రాసేవాడు. ఒక్కోసారి తిరగేసి, ఇటు మార్క్స్ కలల సమాజం, అటు మాంచెస్టర్ మిల్లుల్లో బాలకార్మికులు. ఒకరి పెళ్లిచూపుల ఫోటో పక్కన ఇంకొకరి ఆధార్ కార్డు ఫోటో పెట్టి ఎవరు బాగున్నారని అడిగినట్టు.

నా మొదటి అంచనా మాత్రం వేరు. ఇంటి వాతావరణం వల్ల పక్షపాతం ఉందనీ, దాన్ని దాచుకోవడానికి టేబుల్ వెనక దాక్కుంటున్నాడనీ అనుకున్నాను. ఆ అంచనా తప్పని తేలడానికి నెలన్నర పట్టింది. పక్షపాతం ఉన్నవాడు కనీసం ఒక వైపైనా లోతుగా రాస్తాడు. శీను రెండు వైపులా సమానంగా పైపైనే రాస్తున్నాడు, ఇది నాకు అప్పుడే తట్టాల్సింది.

ఏమేం ప్రయత్నించాను

మొదట టేబుల్‌నే బాగుచేద్దామనుకున్నాను. మళ్లీ టెస్టు పది రోజుల్లో ఉంది, అలవాటు మాన్పించే టైము లేదు, గడులు పెంచితే లోతు వస్తుందని ఆశ. నాలుగు వరసలు పదకొండయ్యాయి. హక్కుల వరసలో 'పెట్టుబడిదారీ దేశాలు: పౌర, రాజకీయ హక్కులు, కమ్యూనిస్టు దేశాలు: ఆర్థిక, సామాజిక హక్కులు' అని రాశాడు. బాగానే ఉందనిపించి, దీనికి రుజువు పెట్టమన్నాను. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన ఓటింగ్‌కి వచ్చినప్పుడు 48 దేశాలు అనుకూలంగా వేస్తే 8 దేశాలు ఏ పక్కా వెయ్యకుండా ఉండిపోయాయి, అందులో ఆరు సోవియట్ యూనియన్, యుగోస్లావియా లాంటి కమ్యూనిస్టు దేశాలు. ఆ హక్కులనే చట్టబద్ధం చెయ్యాల్సి వచ్చేసరికి 1966లో రెండు వేరువేరు ఒడంబడికలు చేశారు, ఒకటి పౌర రాజకీయ హక్కులకి, ఒకటి ఆర్థిక సామాజిక సాంస్కృతిక హక్కులకి. అమెరికా మొదటిదాన్ని 1992లో ఆమోదించింది, రెండోదాని మీద 1977లో సంతకం పెట్టి అక్కడే ఆగిపోయింది. చైనా సరిగ్గా దానికి తిరగేసి: రెండోదాన్ని 2001లో ఆమోదించింది, మొదటిదాని మీద 1998లో సంతకం పెట్టి ఆమోదించకుండా వదిలేసింది. శీను కళ్లు మెరిశాయి, టేబుల్‌కి ఇంతకన్నా ఏం కావాలి.

అయితే రష్యా సంగతి చూడు అన్నాను. సోవియట్ యూనియన్ 1973లో రెంటినీ ఆమోదించింది. గడి పగిలిపోయింది. అతను వెంటనే పక్కన ఒక చుక్క పెట్టి కింద 'మినహాయింపు' అని రాసుకున్నాడు. రెండో వారానికి చుక్కలు ఎక్కువైపోయి టేబుల్ కన్నా మినహాయింపులే పెద్దవయ్యాయి. మార్కులు కదల్లేదు.

రెండో ప్రయత్నం, మూలగ్రంథాలు. సెకండ్‌హ్యాండ్ నోట్సులన్నీ పక్కనపెట్టి లాక్, మార్క్స్, మార్కెట్‌ని సమర్థించిన ఆర్థికవేత్త హయెక్ రాసింది వాళ్ల మాటల్లోనే చదవమని కొన్ని అధ్యాయాలు ఇచ్చాను. నా తర్కం ఏంటంటే, అసలు మనిషి వాదన చదివితే ఆ మాట అతను ఏ అర్థంలో వాడాడో దానంతటదే తెలుస్తుంది కదా అని. తెలుగు మీడియం పిల్లాడికి పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ చేతిలో పెట్టి రెండు వారాలు గడువిచ్చాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. తిరిగొచ్చేసరికి పేజీలో ప్రతి లైన్ కిందా గీత ఉంది.

అందులోంచి ఒక్కటి పనికొచ్చింది. 'ఎవరన్నారు?' అని ఒక చిన్న ఆట పెట్టాను. ఆస్తికి భద్రత కోసం ఏర్పడినంత మేరకు ప్రభుత్వమనేది నిజానికి పేదల నుంచి ధనికుల్ని కాపాడటానికి ఏర్పడిందే అన్న మాట ఎవరిది? శీను ఠక్కున మార్క్స్ అన్నాడు. అది ఆడం స్మిత్, 1776. ఈజిప్టు పిరమిడ్లనీ రోమన్ల నీటి కాలువలనీ మించిన అద్భుతాలు బూర్జువా వర్గం చేసి చూపించిందన్నది ఎవరు? 'ఎవరో ఇండస్ట్రీ మనిషి అయ్యుంటాడు సార్.' అది మార్క్స్, ఎంగెల్స్ కలిసి రాసిన కమ్యూనిస్టు మేనిఫెస్టో, 1848. కాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాన్న అలమారలో ఆ చిన్న పుస్తకం చిన్నప్పటి నుంచీ ఉందట.

ఇది దెబ్బ కొట్టింది గానీ ఎటు కొట్టిందో నేను గమనించలేదు. తర్వాతి టెస్టులో శీను 'మౌలికంగా రెండు సిద్ధాంతాల మధ్యా తేడా తక్కువ' అని రాశాడు. గోడ కూలగొట్టి కొత్తది కట్టకపోతే ఇంతే. రెండున్నర వేశాను.

మూడోది చర్చ. మా బ్యాచ్‌లోనే ఒక వ్యాపార కుటుంబం అమ్మాయి ఉంది, తండ్రికి చిన్న రైస్ మిల్లు, చదువులో చురుకు, మార్కెట్ అంటే గురి. ఇద్దర్నీ ఎదురెదురు కూచోబెట్టి 'ప్రజాస్వామ్యం' మీద మాట్లాడమన్నాను. ఎవరికి వాళ్లు తమ మాటని సమర్థించుకోవాల్సి వస్తే అర్థాలు బయటపడతాయని నా ఆలోచన. పది నిమిషాలు బాగా నడిచింది. తర్వాత ఆ అమ్మాయి ఉక్రెయిన్‌లో 1932-33 కరువు తెచ్చింది, శీను 1943 బెంగాల్ కరువు తెచ్చాడు. ఆమె సోవియట్ లేబర్ క్యాంపులంది, అతను భోపాల్ గ్యాస్ అన్నాడు. మిగతా పిల్లలు చప్పట్లు. ప్రజాస్వామ్యం అనే మాట ఆ తర్వాత ఎవరి నోట్లోంచీ రాలేదు. శవాల లెక్క మొదలైతే ఇక ఆలోచన జరగదు, చచ్చిపోయినవాళ్ల పట్ల అది మర్యాద కూడా కాదు. ఇరవై నిమిషాలకి ఆపేశాను.

అయితే ఆ ఇరవై నిమిషాల్లో ఒకటి విన్నాను. 'స్వేచ్ఛ లేకపోతే ఎన్నికలెందుకు' అని ఆమె అంటే, 'స్వేచ్ఛ లేకపోతే ఎన్నికలెందుకు' అని అతనూ అన్నాడు. అక్షరం పొల్లు పోకుండా అదే వాక్యం. ఒకరి మాట ఇంకొకరు ఒప్పుకున్నట్టు ఇద్దరికీ తెలియలేదు, ఎందుకంటే నిజంగా ఒప్పుకోలేదు, 'స్వేచ్ఛ' అనే మాటకి ఇద్దరి అర్థమూ వేరు.

ప్లాటు

ఆ సాయంత్రం టీ బండి దగ్గర శీను డల్‌గా ఉన్నాడు. డిబేట్ వల్లేమో అనుకున్నా. కాసేపటికి తనే అన్నాడు: 'సార్, మా నాన్న రిటైర్మెంట్ డబ్బుతో 150 గజాల ప్లాటు కొన్నాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలిగా. ప్రైవేటు ఆస్తి రద్దు అని జీవితమంతా మీటింగుల్లో చెప్పిన మనిషి రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రేసి నవ్వుతున్న ఫోటో పంపాడు. ఇంకేం కమ్యూనిస్టు సార్?'

ఫోన్ చూపించాడు. తెల్ల చొక్కా, చేతిలో దస్తావేజు, పక్కన అమ్మ.

అసలు జబ్బు ఇదీ. అతని దృష్టిలో 'ఆస్తి' ఒకటే మాట. ఒక గడి వాళ్లు ఔనంటారు, ఇంకో గడి వాళ్లు కాదంటారు, కాబట్టి ప్లాటు కొన్న తండ్రి గడి దాటి అవతలికి వెళ్లిపోయాడు. టేబుల్ పేపర్ మీదే ఉంటుందనుకున్నాను, వీడు దాన్ని ఇంటిదాకా మోసుకెళ్లాడు.

అక్కడే నిలబడి చెప్పాను. నువ్వు అండర్‌లైన్ చేసుకొచ్చిన మేనిఫెస్టోలోనే ఉంది చూడు: కష్టపడి సంపాదించుకున్న ఆస్తిని రద్దు చెయ్యడం గురించి వాళ్లు మాట్లాడట్లేదు, ఎవరో నడిపితే ఇంకెవరికో లాభం తెచ్చే ఆస్తి గురించి మాట్లాడుతున్నారు. స్టాలిన్ కాలపు 1936 రాజ్యాంగం కూడా పదో అధికరణంలో పౌరుడి సంపాదన, పొదుపు, నివాసపు ఇల్లు, ఇంటి సామాను, వాటి వారసత్వం అన్నిటికీ రక్షణ ఇచ్చింది. ఆ లెక్కన మీ నాన్న ఇల్లు కట్టుకుంటే ఏ సూత్రమూ తప్పలేదు. అదే పది ప్లాట్లు కొని రేటు పెరిగేదాకా అట్టిపెడితే అప్పుడు మనం కూచుని మాట్లాడాలి.

ఇక అవతలి వాళ్లు ఇదే ప్లాటుని ఎలా చూస్తారు? లాక్ ప్రకారం మనిషి శ్రమ కలిసింది ఆ మనిషిది. ముప్పై ఏళ్ల గని శ్రమ డబ్బయింది, డబ్బు ప్లాటయింది, ఎవరూ లాక్కోకూడదు. ఇక్కడిదాకా ఇద్దరూ చేతులు కలుపుతారు. తర్వాతే తేడా. లాక్ దారిలో వెళ్లేవాళ్లకి మీ నాన్న ప్లాటూ, గని యజమాని గనీ ఒకే హక్కు కిందికి వస్తాయి, ఒకదాన్ని కదిలిస్తే రెండోది కూలుతుంది. మార్క్స్ ఆ మాటనే నిలువుగా చీల్చాడు, వాడుకునే ఆస్తి వేరు, ఇంకొకడి శ్రమ మీద అధికారమిచ్చే ఆస్తి వేరు అని. గొడవంతా ఆ చీలిక సరైందా కాదా అన్నదే. కుట్టుమిషను ఇంట్లో గుడ్డలు కుడితే ఒకటి, నలుగుర్ని పెట్టి కుట్టిస్తే ఇంకొకటా, ఆ గీత ఎవరు గీస్తారు, గీసేవాడి చేతిలో ఎంత అధికారం పెడుతున్నావు అని అవతలివాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే.

శీను టీ చల్లారిపోయింది. 'మరి టేబుల్‌లో ఇదెక్కడ రాయాలి సార్?' అన్నాడు.

ఏది పనిచేసింది

టేబుల్ మాన్పించాను. దాని బదులు ప్రతి పెద్దమాట ఎదురైనప్పుడల్లా మూడు ప్రశ్నలు వెయ్యమన్నాను: ఎవరికి? ఏ అడ్డు తొలగాలి? ఏం చెయ్యడానికి? ఇది నా తెలివి కాదు, 1967లో మాకల్లం అనే అమెరికన్ తత్వవేత్త స్వేచ్ఛ గురించి ఎవరేం మాట్లాడినా ఈ మూడూ అందులో ఉంటాయని చూపించాడు. నేను చేసిందల్లా దాన్ని స్వేచ్ఛ దగ్గర ఆపకుండా మిగతా మాటలకీ వాడటం.

మొదటి అభ్యాసం పత్రికా స్వేచ్ఛ. రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టాను. 1791 నాటి అమెరికా మొదటి సవరణ: భావప్రకటననీ పత్రికలనీ కుదించే చట్టం ఏదీ కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చెయ్యరాదు. 1936 సోవియట్ రాజ్యాంగం 125వ అధికరణం: శ్రామిక ప్రజల ప్రయోజనాలకు అనుగుణంగా, సోషలిస్టు వ్యవస్థను బలపరచడానికి, భావప్రకటన స్వేచ్ఛకీ పత్రికా స్వేచ్ఛకీ హామీ, దానికోసం శ్రామికులకీ వాళ్ల సంఘాలకీ అచ్చుయంత్రాలు, కాగితం నిల్వలు, భవనాలు, వీధులు అందుబాటులో ఉంచుతాం.

శీను రెండోదాన్ని మూడుసార్లు చదివాడు. 'రాజ్యాంగంలో కాగితం నిల్వలా?' అని నవ్వాడు.

నవ్వకు, ప్రశ్నలు వెయ్యి అన్నాను. ఈసారి తనే తవ్వాడు. అమెరికా వాక్యంలో అడ్డు ప్రభుత్వం. అది తప్పుకుంటే చాలు, ప్రెస్సు ఎవడు పెట్టుకుంటాడన్నది వాడి తిప్పలు. సోవియట్ వాక్యంలో అడ్డు డబ్బు. ప్రెస్సు కొనలేనివాడికి పత్రికా స్వేచ్ఛ ఇవ్వడమంటే నూతి దగ్గర చేద లేకుండా నిలబెట్టడం, అందుకే కాగితం దాకా వెళ్లారు. మరి 'ఎవరికి' అన్న ప్రశ్న? ఒకచోట ఎవరికైనా, ఇంకోచోట శ్రామికులకి, అదీ వ్యవస్థను బలపరిచేటట్టయితేనే. 'సార్, కాగితం ఇచ్చేవాడే రేపు ఇవ్వనంటే?' అన్నాడు. నేను ఎదురుచూస్తున్నది అదే.

ఆ ప్రశ్న వేసింది పెట్టుబడిదారీ వైపు వాళ్లే కాదు, ఒక కమ్యూనిస్టు కూడా అని చెప్పాను. యజమాని రాజ్యం ఒక్కటే అయిన దేశంలో వ్యతిరేకించడమంటే మెల్లగా ఆకలితో చావడమే, పనిచెయ్యనివాడికి తిండి లేదన్న పాత సూత్రం పోయి మాట విననివాడికి తిండి లేదన్నది వచ్చిందని, రష్యా విప్లవ నాయకుల్లో ఒకడై తర్వాత స్టాలిన్ దేశం నుంచి వెళ్లగొట్టిన ట్రాట్‌స్కీ రాశాడు. ఆ మాటనే మార్కెట్ పక్షపు హయెక్ 1944లో తన వాదనకి తెచ్చుకున్నాడు. శీను సొంతంగా ఇంకో ఉదాహరణ వెతుక్కొచ్చాడు: మన దగ్గర ప్రభుత్వం న్యూస్‌ప్రింట్ (పత్రికలు అచ్చేసే కాగితం) కోటాతో పత్రికల పేజీలకి పరిమితి పెడితే 1972లో సుప్రీంకోర్టు బెన్నెట్ కోల్మన్ కేసులో అది భావప్రకటన హక్కుకి భంగమని కొట్టేసింది. కాగితం దగ్గర మొదలై కాగితం దగ్గరే తేలింది. నోట్సులో లేని ఉదాహరణని తనంతట తాను తెచ్చుకోవడం అదే మొదటిసారి.

తర్వాత 'కార్మికుడి స్వేచ్ఛ'. ఇక్కడ తెలుగే సాయపడింది. కార్మికుడు రెండు అర్థాల్లో ఫ్రీ అంటాడు మార్క్స్: తన శ్రమశక్తిని ఎవరికైనా అమ్ముకోవచ్చు, అమ్ముకోవడానికి అదొక్కటి తప్ప చేతిలో ఇంకేమీ లేదు. 'స్వేచ్ఛ' అని అనువదిస్తే ఆ ఎత్తిపొడుపు చచ్చిపోతుంది. కానీ మనం రోజూ అనే 'ఫ్రీ'లో అది బతికే ఉంది. ఏరా ఫ్రీగా ఉన్నావా అంటే ఖాళీగా ఉన్నావా, పనేం లేదా అనే కదా. అడ్డా మీద పొద్దున్నే నిలబడే కూలీ రెండు రకాలుగానూ ఫ్రీ అని శీను రాసుకున్నాడు. వెంటనే అవతలి జవాబు కూడా రాయమన్నాను: అడ్డా కూలీకి పది మంది మేస్త్రీలున్నారు, ఒకడు తిడితే ఇంకొకడి దగ్గరికి వెళ్తాడు, ఆ పది మంది ఒక్కడైపోతే ఎక్కడికి వెళ్తాడు? అమెరికన్ ఆర్థికవేత్త ఫ్రీడ్‌మన్ 1962లో వాదించింది దాదాపు ఇదే, ఆర్థికాధికారం రాజకీయాధికారం నుంచి విడిగా ఉండటమే రక్ష అని.

నాకు బాగా నచ్చిన అభ్యాసం మాత్రం మన మనుషుల మీద చేసింది. ఇద్దరు తెలుగు రైతు నాయకులు, గుంటూరు జిల్లా నిడుబ్రోలు ఎన్.జి. రంగా, నెల్లూరు జిల్లా అలగానిపాడు పుచ్చలపల్లి సుందరయ్య. తమాషా ఏంటంటే కమ్యూనిస్టు సుందరయ్య పుట్టింది 1913 మే 1న, మేడే నాడు, సరే, కానీ రంగా పుట్టిన తేదీ 1900 నవంబర్ 7, తర్వాత రష్యా విప్లవ దినమైన తేదీ. టేబుల్‌లో పెడితే రంగా 'పెట్టుబడిదారీ', సుందరయ్య 'కమ్యూనిస్టు', అయిపోయింది. కానీ 1930ల్లో రంగా జమీందార్ల మీద రైతుల్ని కదిలించినవాడు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుడితే దానికి ప్రధాన కార్యదర్శి ఆయనే, అదే సభ తర్వాత కమ్యూనిస్టుల చేతికొచ్చింది. 'దున్నేవాడిదే భూమి' అని ఇద్దరూ ఒకే గొంతుతో అనగలరు.

మూడు ప్రశ్నలు వేస్తే విడిపోతారు. ఎవరికి? రంగాకి రైతు కుటుంబానికి. సుందరయ్యకి రైతు అంటే ఒక్కడు కాదు, పేద రైతు, కూలీ, ధనిక రైతు వేరువేరు, అందుకే కూలీలకి విడిగా సంఘం కట్టాడు. అడ్డు ఏది? రంగాకి మొదట జమీందారు, జమీందారు పోయాక ప్రభుత్వం. 1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్‌లో సహకార ఉమ్మడి వ్యవసాయం తీర్మానం చేస్తే అది రైతుని సొంత పొలంలో కూలీని చేస్తుందని బయటికొచ్చి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. సుందరయ్యకి జమీందారు పోయినా అడ్డు పోదు, దొర తర్వాత కౌలుకిచ్చే భూస్వామి, వడ్డీవ్యాపారి వరసలో ఉంటారు. ఏం చెయ్యడానికి? రంగాకి రైతు ఎప్పటికీ తన చెక్క తాను దున్నుకోవడానికి, అదే గమ్యం. కమ్యూనిస్టులకి భూమి పంచడం ఒక మజిలీ. 1946-51 తెలంగాణ పోరాటంలో పంచిన భూమి కుటుంబాలకే పంచారు, ఉమ్మడి పొలాలు పెట్టలేదు. కానీ సిద్ధాంతం చివరిదాకా వెళితే 1917లో రష్యా రైతులకి అందిన భూమి పదిహేనేళ్లు తిరక్కుండా కొల్హోజుల్లో (సోవియట్ ఉమ్మడి పొలాల్లో) కలిసిన సంగతి రంగాలాంటివాళ్లు మర్చిపోరు.

ఇది రాసిన రోజు శీను మొదటిసారి పదికి ఆరు తెచ్చుకున్నాడు.

ఎక్కడ మొరాయించింది

'రాజ్యం' దగ్గర మూడు ప్రశ్నలూ పనిచెయ్యలేదు. పెట్టుబడిదారీ వైపు తేలిగ్గానే వచ్చింది: కాపలా కాసి, ఒప్పందాలు అమలు చేసి, అంతకుమించి వేలుపెట్టని రాజ్యం దగ్గర నుంచి, సంక్షేమం కూడా చూసే రాజ్యం దాకా. కమ్యూనిస్టు వైపు వచ్చేసరికి శీను ఒకచోట 'రాజ్యం అంతరించాలి' అనీ, పక్కనే 'శ్రామికవర్గ నియంతృత్వం కావాలి' అనీ రాసి, ఏది కొట్టెయ్యాలో తెలియక నా దగ్గరికొచ్చాడు. రెండూ ఉంటాయి, కాకపోతే ఒకే రోజు కాదు. ఇప్పుడున్న రాజ్యం పాలకవర్గపు పనిముట్టు; మధ్యకాలంలో కార్మికవర్గం దాన్ని కూలదోసి తన రాజ్యం నిలబెడుతుంది; వర్గాలు పోయాక అది ఎండిన కొమ్మలా రాలిపోతుంది, ఎంగెల్స్ చెప్పిందీ లెనిన్ 1917లో విడమరిచిందీ అదే. అందుకని 'ఎప్పుడు?' అని నాలుగో ప్రశ్న కలపాల్సి వచ్చింది. టేబుల్‌లో అన్నిటికన్నా పెద్ద లోపం అదేనని అప్పుడు తెలిసింది, గడికి కాలం ఉండదు. మధ్యకాలం ముగిసిందని చెప్పేదెవరు, చెప్పకపోతే ఏంటి అన్నది అవతలివాళ్ల ప్రశ్న, సోవియట్ రాజ్యం 74 ఏళ్లలో రాలిపోలేదు, కూలిపోయింది.

సమానత్వానికి 'దేంట్లో?' అని అడిగితే సరిపోయింది. కమ్యూనిజమంటే అందరికీ ఒకే జీతం అన్న భ్రమ శీనుకే కాదు, నా బ్యాచ్‌లో సగం మందికి ఉంటుంది. 1875లో గోథా కార్యక్రమాన్ని (జర్మన్ కార్మిక పార్టీ కార్యక్రమ ముసాయిదాని) విమర్శిస్తూ మార్క్స్ అన్నది అందుకు పూర్తి విరుద్ధం: ఒకడికి నలుగురు పిల్లలు, ఇంకొకడికి పెళ్లే కాలేదు, ఇద్దర్నీ ఒకే కొలతతో కొలిస్తే ఆ సమాన హక్కే అసమానత. మార్కెట్ వైపు వాళ్లు చట్టం ముందు సమానత్వం అంటారు, కొందరు అవకాశాల సమానత్వం దాకా వస్తారు, ఫలితాల దగ్గర ఆగిపోతారు. ప్రజాస్వామ్యం మీద పెద్దగా తవ్వలేదు, టైము లేదు. 1957 ఏప్రిల్‌లో కేరళలో ఓట్లతో వచ్చి 1959 జూలైలో రాష్ట్రపతి పాలనతో దిగిపోయిన కమ్యూనిస్టు ప్రభుత్వం ఉదాహరణని రెండు వైపుల నుంచీ రాయించి వదిలేశాను. 'న్యాయం' అయితే ఈ ప్రశ్నలకి ఇప్పటికీ లొంగలేదు, ఎందుకంటే మార్క్స్ ఆ మాటతోనే పెడసరంగా ఉంటాడు.

ఇప్పుడు ఏం మార్చుకున్నాను

శీను ఆ ఏడాది మెయిన్స్ దాటలేదు, కానీ ఆప్షనల్ మార్కులు మునుపటి కన్నా బాగా వచ్చాయి, మునిగింది వేరే పేపర్లో. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాడు. వాళ్ల నాన్న ఇల్లు స్లాబ్ దాకా వచ్చింది.

నా వైపు నుంచి చెప్పాలంటే, విద్యార్థి రెండు వైపులా సమానంగా పల్చగా రాస్తుంటే పక్షపాతం కోసం వెతకడం మానేశాను, ముందు ఏ మాటని ఒకే అర్థంతో మోస్తున్నాడో చూస్తున్నాను. మూలగ్రంథం ఇచ్చేముందు ఒక్క పేరానే ఇస్తున్నాను, అదీ నేను తెలుగు చేసి. చర్చలు మానలేదు గానీ ఒక షరతు పెట్టాను: సిద్ధాంతానికి సిద్ధాంతంతో, ఆచరణకి ఆచరణతోనే జవాబు చెప్పాలి, దాటినవాడు ఆ రోజు టీ డబ్బులు కట్టాలి. ఆస్తి పాఠంలో ఇప్పుడు 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి రాజ్యాంగం 300-ఎ అధికరణం కింద పెట్టడం, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 39(బి) (సమాజపు వనరుల్ని అందరి మేలుకోసం పంచాలనే అధికరణం) కింద ప్రతి ప్రైవేటు ఆస్తీ సమాజపు భౌతిక వనరు కాదనడం, ఈ రెండూ చెప్పి, ప్లాటు కథతో మొదలుపెడుతున్నాను, పేర్లు లేకుండా.

ఇక నా దగ్గరికే వచ్చిందన్న తప్పు సంగతి. కేసు మొత్తం అయిపోయాక ఒకరోజు శీనుని అడిగాను, అసలు ఆ టేబుల్ ఎక్కడ దొరికింది నీకు అని. బ్యాగులోంచి ఒక నలిగిన జిరాక్స్ తీశాడు. పైన మూల నా చేతిరాత. చాలా ఏళ్ల కిందట ఒక క్రాష్ కోర్సు కోసం రాత్రికి రాత్రి నేను గీసిందే, నాలుగు వరసలు, రెండు గడులు. ఒరిజినల్ ఇంట్లో వెతికి చింపేశాను. పోయిన వారం కొత్త బ్యాచ్‌లో ఒక అమ్మాయి దాన్నే లామినేషన్ చేయించి తెచ్చింది, సందు చివర జిరాక్స్ షాపులో ఇరవై రూపాయలట.